మహారాజశ్రీ ఫ్లెక్సీ బ్యానరు గారికి

మహారాజశ్రీ 6 × 4 ఫ్లెక్సీ బ్యానరు గారి దివ్యసముఖానికి,

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి దాపున ఉన్న ఒక చిన్న కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్లు నమస్కరించి చేసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మా ప్రోగ్రాం ఆఫీసరు, అదే పీవో గారి బీరువా వెనక తమరు కూడా క్షేమమేనని తలుస్తాము.

తమరు రానిదే మా కాలేజీలో సేవ మొదలవదు. పారలు రాకపోయినా మొదలవుతుంది. నీళ్ల ట్యాంకరు రాకపోయినా, ఆఖరికి ఆ ఊరివాళ్లే రాకపోయినా నిక్షేపంగా మొదలవుతుంది. తమరు ఆటోలో ఇంకా దారిలో ఉన్నారంటే మాత్రం వందమందీ రావిచెట్టు కింద కూర్చోవలసిందే. మా బ్యాడ్జీ మీద కోణార్క రథచక్రం, దానికి ఎనిమిది ఆకులు, ఒక్కో ఆకూ ఒక జాము, అంటే రోజుకు ఇరవై నాలుగు గంటలూ సేవకు సిద్ధమని అర్థం చెబుతారు. ఆ ఇరవై నాలుగులో ఎన్ని గంటలు తమరి కోసం ఎదురుచూడాలో ఏ మాన్యువల్లోనూ రాయలేదు. మా నినాదం ‘నేను కాదు, మీరు’. ఆ ‘మీరు’ తమరేనని ఫొటోలు చూశాక గాని బోధపడలేదు.

తమరి పుట్టుకే ఒక ప్రహసనం. పైన ఒడియా, మధ్యన ఇంగ్లిషు, చోటు మిగిలితే కింద తెలుగు. ఫోన్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపిన తెలుగు యూనికోడ్ అనే పద్ధతిలో ఉంటుంది. ఫ్లెక్సీ షాపులోని పాత కోరల్‌డ్రా సాఫ్ట్‌వేరుకి అది గిట్టదు. వాళ్ల దగ్గర తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు. ఆ మార్పిడిలో వొత్తులు ఊడి పక్కకి దొర్లుతాయి. ముందుగా పోయేది ‘స్వచ్ఛ’లోని ఛ వొత్తే. అందుకే ఏటా అక్టోబరు 2న మా ఊరు వొత్తులేని స్వచ్ భారత్ అవుతుంది. మందు పెద్ద కష్టమేం కాదు. అక్షరాలను కర్వ్స్‌గా, అంటే బొమ్మ గీతలుగా మార్చిన పీడీఎఫ్ పంపాలి, లేదా షాపులోనే పక్కన కూర్చుని మళ్లీ టైపు చేయించాలి. ప్రూఫు ఫోన్‌లో కాకుండా కాగితం మీద చూడాలి. ముఖ్య అతిథి ఎవరో ముందురోజు రాత్రి తొమ్మిదింటికి తేలుతుంది కాబట్టి ఈ మూడింటిలో ఒక్కటీ జరగదు.

అక్షరాల సైజులోనూ తమరికి మర్యాద బాగా తెలుసు. కాలేజీ పేరు జానెడు, అతిథి ఫొటో మూరెడు, ఊరి పేరు మాత్రం వేలెడు, అదీ తప్పుగా. ఇక సవర గిరిజనుల ఊరికి వెళ్లినా తమరి మీద సవర అక్షరం ఒక్కటి కనబడదు. ఇదే పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని ఆ భాషకి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. 1936లో మంగేయి గొమాంగో గారు సొరాంగ్ సొంపెంగ్ అని సవరకి ఏకంగా లిపినే సమకూర్చారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిందీ ఆ ఏడాదే. ఇంత జరిగిన చోట తమరు మూడు లిపుల్లో వెలుగుతుంటే, ఎదురుగా కూర్చున్న సవర ముసలమ్మ తమరి మీది గులాబీ పువ్వు బొమ్మ చూసి ఇంటికి పోతోంది.

కట్టడం ఇంకో కథ. నాలుగు మూలలా నాలుగు రింగులు, నాలుగు పురికొసలు. ఇలా కడితే నడుమ బాన పొట్టలా వేలాడతారు, అతిథి గారి ముఖం మడతలోకి పోతుంది. వెనకనుంచి కొండగాలి కొట్టిందంటే బరువంతా పై రెండు రింగుల మీద పడి, అవి చిరుక్కుని వస్తాయి. గాలి పోవాలని బ్లేడుతో అర్ధచంద్రాలు కోసే మేధావులున్నారు. ఆ కోతల దగ్గరే తమరు ముందు చిరుగుతారు. పైనా కిందా గొట్టంలా మడత వేయించి రెండు వెదురు బద్దలు దూర్చాలి, పక్క అంచులకి రెండేసి అడుగులకో రింగు కొట్టించాలి, కింది తాళ్లు కాస్త వదులుగా కట్టాలి. షాపువాణ్ణి ముందే అడిగితే మడత వేసి ఇస్తాడు. అడగం కాబట్టి ఇద్దరు ఫస్టియర్ పిల్లలు రెండు పక్కలా కర్రలు పట్టుకుని నిలబడతారు. వాళ్ల డైరీలో అది ‘సామాజిక సేవ, 2 గంటలు’.

మొక్కల సంగతికొద్దాం. తమరిని కట్టడానికి రెండు స్తంభాలు కావాలి. అవి ఉన్నది కాలేజీ గేటు దగ్గరే. కాబట్టి మొక్కలు కూడా అక్కడే, పోయినేటి గోతిలోనే. జూన్ 5న పర్యావరణ దినం. అప్పటికి ఇక్కడ వానలు నిలదొక్కుకోవు, ఎండ మాత్రం నిలబడే ఉంటుంది. గోయి అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు ఉండాలి. పదిహేను రోజుల ముందే తవ్వి ఎండనివ్వాలి. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోసి, పైమట్టిలో తట్టెడు మాగిన పెంట కలిపి ముందు దాన్ని నింపాలి. మనం ఉదయం ఎనిమిదింటికి జానెడు గుంట గీరి, అతిథి చేతికి మొక్క ఇస్తాం. ఆయన దాన్ని నల్ల కవరుతో సహా దించేస్తారు, ఎందుకంటే కవరు చింపితే మట్టి చెప్పుల మీద పడుతుంది. కవరులో చిక్కుకున్న వేళ్లు బయటికి పోలేక గుండ్రంగా చుట్టుకుంటాయి. పై ఆకు పదిరోజులు పచ్చగానే ఉంటుంది గనక ఎవరికీ అనుమానం రాదు. ఆ తర్వాతిది చూసుకోవడానికి మేకలున్నాయి. ముళ్లకంప నాటించమంటే కంప ఫొటోలో బాగుండదట!

చీపుళ్లదీ ఇదే వరస. ఫొటో కోసం కొన్నవన్నీ కొండ చీపుళ్లు, మెత్తగా, కొత్తగా, హేండిలుకి ఎర్ర ప్లాస్టిక్కుతో. అవి గచ్చు తుడవడానికి పుట్టినవి. రోడ్డు మీది ఇసక, తడిసిన ఆకు, గుట్కా పేకెట్టు కదలాలంటే కొబ్బరి ఈనెల చీపురు కావాలి. అది నల్లగా ఉంటుంది, తమరి పక్కన నప్పదు. కాలవ పూడిక అయితే మరీను. తీసిన బురద ఒడ్డునే పెడతాం, తమరితో ఫొటో దిగుతాం, సింగడాలు (సమోసాలు) తింటాం, వెళ్లిపోతాం. మొదటి వానకే ఆ బురద తన ఇంటికి తాను చేరుకుంటుంది. రెండు రోజులు ఆరనిచ్చి తట్టలతో ఎత్తిపోయాలి. రెండు రోజుల తర్వాత తమరు రారు కదా, మేమూ రాము.

నవ్వలేనిది రక్తదాన శిబిరం. తమరి మీద ‘ఉదయం 10 గంటలకు’ అని ఉంటుంది. పిల్లలు ఎనిమిదింటికి ఇంత చద్దన్నమో పకాళో తిని వస్తారు. ప్రారంభోత్సవం పన్నెండున్నరకి. ఖాళీ కడుపుతో రక్తం ఇస్తే కళ్లు తిరుగుతాయని పదోక్లాసు పిల్లకీ తెలుసు, అయినా దీపం వెలిగేదాకా ఒక్కరికీ సూది పడదు. దాతకి 18 ఏళ్లు నిండాలి, 45 కిలోలు ఉండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆ చివరి అంకె దగ్గర ఆడపిల్లలు వరసగా వెనక్కి వచ్చేస్తారు. నిజానికి ఆ రోజు మాకు దొరికిన అసలు సమాచారం అదే. ఎవరికి రక్తం తక్కువో రాసుకుని, ఐరన్ మాత్రలు ఇప్పించి, మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేయిస్తే అంతకు మించిన శిబిరం లేదు. కాని వెనక్కి వచ్చినవాళ్ల ఫొటో ఎవరు తీస్తారు?

తప్పంతా తమరి మీద వెయ్యడం న్యాయం కాదు. కాలేజీలకి గుర్తింపునిచ్చే న్యాక్ వాళ్లకి పంపే ఫైలులో ప్రతి కార్యక్రమానికీ జియోట్యాగ్ ఫొటో పెట్టాలి. 18 డిగ్రీల చిల్లర అక్షాంశం, 84 డిగ్రీల చిల్లర రేఖాంశం ఫొటో అడుగున పడాలి. కాలేజీ పేరు, తేదీ, పని, జనం, నాలుగూ ఒకే ఫ్రేములో ఇమడాలంటే తమరిని మించిన సాక్షి లేరు. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకి 240. పరిచయ తరగతులకు 20, కాలేజీలో 30, ఊళ్లో 70 అని లెక్క. 70 గంటలు ఊళ్లో తిరిగితే రుజువేమిటని అడిగేవాళ్లు తమరిని అడుగుతారు గాని ఊరిని అడగరు.

ఇంకో మాట. తమరి మీద ‘ప్లాస్టిక్‌ను నిషేధిద్దాం’ అని అచ్చువేయించిన రోజు తమరికి కించిత్ సిగ్గేసిందా? 2022 జులై 1 నుంచి 100 మైక్రాన్ల లోపు మందమున్న పీవీసీ బ్యానర్లు నిషేధం. తమరు మందంగా పుట్టి తప్పించుకున్నారు. మా ర్యాలీ తర్వాత తమరి ఆ అవతారం చేరింది ఊళ్లో ఒకరి మేకల పాకకి. వాన కారకుండా రెండేళ్లుగా కాపలా కాస్తున్నారు, తెల్లటి వీపు ఆకాశానికి, అతిథి గారి ముఖం మేకలకి. తమరి సర్వీసులో నిఖార్సయిన సేవ అంటే అదొక్కటే.

1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైనప్పుడు తమరు లేనే లేరు. బట్ట మీద కుంచెతో రాయించి పని కానిచ్చేవారు. కాబట్టి ఈ 24వ తేదీకి మా ఏర్పాటిది. ఆరు గజాల ముతక గాడా బట్ట తెచ్చి, రెండు ముక్కలు పక్కపక్కన చేర్చి కుట్టించి, కాలేజీ పేరూ బ్యాడ్జీ బొమ్మా మాత్రం రాయిస్తాం. తేదీ, పని, ఊరి పేరు పలక మీద సుద్దతో. ఊరి పేరు ఆ ఊరివాళ్ల చేతే రాయిస్తాం, సవరలోనైనా సరే. కాలవ బురద 22న తీస్తాం, 24న ఎత్తిపోస్తాం, తట్టలు పదిహేను, పారలు ఎనిమిది చెప్పి ఉంచాం. ఫొటో ఎత్తిపోశాకే.

ఆ రెండు రోజులూ తమరు దయచేసి బీరువా వెనకనే ఉండవలసిందిగా ప్రార్థన. పీవో గారు అడిగితే షాపులో కరెంటు పోయిందని చెబుతాము. కిమిడిలో ఆ మాట ఎవరూ కాదనరు.

ఇట్లు,
తమరి రెండు కొసలూ పట్టుకుని నిలబడిన
విధేయులు