పొగగొట్టంలో ఆక్సిజన్ లెక్క బయటపెట్టాలి

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో, కృష్ణపట్నం తీరం వెంబడి బొగ్గు విద్యుత్ కేంద్రాలు వరుసగా వెలిశాయి. నేలటూరులోని దామోదరం సంజీవయ్య కేంద్రంలోనే 800 మెగావాట్ల యూనిట్లు మూడు నడుస్తున్నాయి. ఆ పొగ పీల్చే ఊళ్లకు అందులో ఏముందో కచ్చితంగా తెలియాలి. ఆ కచ్చితత్వం పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఒక చిన్న పింగాణీ సెన్సార్ మీద ఆధారపడి ఉంది.

యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలిపిన జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్)తో దాన్ని తయారుచేస్తారు. దాదాపు 700 డిగ్రీల వేడిలో ఈ పదార్థం ఆక్సిజన్ అయాన్లను (విద్యుదావేశం ఉన్న కణాలను) తన గుండా సాగనిస్తుంది. ఒకవైపు మామూలు గాలి, మరోవైపు పొగ ఉన్నప్పుడు రెండింటి ఆక్సిజన్ తేడాను బట్టి ప్లాటినం పూతల మధ్య వోల్టేజీ పుడుతుంది. బూడిద, గంధకం నిండిన వేడి పొగలోనే నిలిచి కొలవగలగడం దీని గొప్పతనం.

ఆక్సిజన్ ఎందుకంత ముఖ్యం? పొగలో గాలి కలిపితే కాలుష్యం పలుచబడి కనిపిస్తుంది. అందుకే థర్మల్ కేంద్రాల కొలతలన్నిటినీ 6 శాతం ఆక్సిజన్‌కు సరిచేసి, అంటే పొగలో ఆక్సిజన్ 6 శాతమే ఉంటే ఎంత వచ్చేదో లెక్కగట్టి చూడాలన్నది నిబంధన. 2004-2016 మధ్య నెలకొల్పిన యూనిట్లకు ధూళి పరిమితి ఘనపు మీటరుకు 50 మిల్లీగ్రాములు. పరికరం 44 చూపి, ఆక్సిజన్ 6 శాతమే ఉంటే యూనిట్ పరిమితిలో ఉన్నట్లే. అసలు ఆక్సిజన్ 9 శాతమైతే అదే 44 సవరణ తర్వాత 55 అవుతుంది, పరిమితి దాటినట్లే! ఆక్సిజన్‌ను బాయిలర్ దగ్గర, ధూళిని పొగగొట్టంలో కొలిచినా ఆక్సిజన్ తక్కువగా లెక్కపడి ఇదే తప్పు జరుగుతుంది. దారిలో నాళాల సందుల్లోంచి చొరబడిన గాలి లెక్కకు రాదు. కాలకుండా మిగిలిన కార్బన్ మోనాక్సైడ్ వేడి ప్లాటినం మీద మండినా ఆక్సిజన్ తక్కువగా కనిపిస్తుంది.

పొగగొట్టాలకు నిరంతర కొలత పరికరాలు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం చాలా బొగ్గు విద్యుత్ కేంద్రాలను సల్ఫర్ డయాక్సైడ్ తొలగించే యంత్రాల నుంచి మినహాయించింది. ఆ మినహాయింపును మేము సమర్థించలేము. శుద్ధి యంత్రాల భారం తగ్గించిన ప్రభుత్వం కొలతలోనైనా పట్టు సడలించకూడదు.

సవరించిన అంకె ఒక్కటే చూపిస్తే చాలదు. దాని పక్కనే అసలు కొలత, ఆక్సిజన్ శాతం, రెండింటినీ ఎక్కడ కొలిచారన్నది ప్రజలకు కనిపించాలి. ఆక్సిజన్ శాతం ముందే తెలిసిన ప్రామాణిక వాయువుతో సెన్సార్‌ను చివరిసారి సరిచూసిన తేదీ కూడా విద్యుత్ కేంద్రం గేటు దగ్గర తెలుగులో రాసి ఉండాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ముందస్తు సమాచారం లేకుండా వచ్చి, గ్రామ ప్రతినిధుల ఎదుట ఆ పరీక్ష చేయాలి.