ఓడ జాబితాలు కాదు, హద్దుల కాగితాలు చూడండి

జర్మన్ మూలాలున్న అమెరికన్లు తాతముత్తాతల కోసం ముందు పరుగెత్తేది ఓడ జాబితాల దగ్గరికి, తర్వాత డీఎన్ఏ కిట్ దగ్గరికి. రెండూ సగం దారిలో వదిలేస్తాయి. పెన్సిల్వేనియాలోనైతే మనిషిని పట్టిచ్చేది భూమి కాగితమే.

ఫిలడెల్ఫియా రేవులో దిగిన జర్మన్ల చేత ప్రమాణం చేయించి పేర్లు రాయడం 1727లో మొదలైంది. అదీ 16 ఏళ్లు దాటిన మగవాళ్ల చేతే. చదువు రానివాడు గుర్తు పెడితే పేరు గుమాస్తా రాసేవాడు, చెవికి ఎలా వినబడితే అలా. ముల్లర్ కొన్నేళ్లకు మిల్లర్ అవుతాడు. జిమ్మర్మన్ ఏకంగా కార్పెంటర్ అయిపోతాడు.

పెన్సిల్వేనియా వలసకు యజమానులైన పెన్ కుటుంబం దగ్గర భూమి కొనాలంటే దరఖాస్తు, సర్వే చెయ్యమని వారెంట్, కొలత, చివరికి పట్టా. బాకీ తీరక ఈ చివరి కాగితం ఒక తరం ఆలస్యమైన సందర్భాలూ ఉన్నాయి. తండ్రి పేరున వారెంట్, కొడుకు పేరున పట్టా, మధ్యలో భూమి ఎవరెవరి చేతులు మారిందో వివరం. వంశవృక్షానికి ఇంతకంటే ఏం కావాలి?

అసలు నిధి సర్వే పటం. తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఇన్ని పెర్చ్‌లు పోయాక హికరీ చెట్టు, అక్కణ్ణుంచి రాళ్ల కుప్ప. పెర్చ్ అంటే 16.5 అడుగులు. చెట్లు ఎప్పుడో పోయాయి. కానీ మన దస్తావేజుల్లో తూర్పున ఫలానావారి పొలం అన్నట్టు, గీత పక్కన పొరుగువాళ్ల పేర్లున్నాయి. ఒక ఊరివాళ్లు కలిసి ఓడెక్కి, పక్కపక్కనే పొలాలు తీసుకుని, వియ్యాలందుకోవడం మామూలే. మీవాడి ఊరు దొరక్కపోతే పొరుగువాడి ఊరు వెతకండి. అక్కడి చర్చి పుస్తకంలో ఇద్దరూ దొరకొచ్చు.

కౌలుదార్లు, ఓడ ఖర్చు కింద ఏళ్ల తరబడి చాకిరీకి కుదిరినవాళ్లు ఈ కాగితాల్లో ఉండరని కొందరంటారు. నిజమే. కానీ గడువు తీరాక వాళ్లలో చాలామంది వెతుక్కున్నది కూడా భూమినే.

నన్ను ఎక్కువగా పట్టి ఆపేది మాత్రం టుల్పెహాకెన్. 1710లో న్యూయార్క్ చేరిన పాలటినేట్ (రైన్ నది ప్రాంతం) జర్మన్లలో కొందరు అక్కడి షోహారీ లోయలో అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు. తీరా చూస్తే పట్టా పలుకుబడి ఉన్న పెద్దమనుషుల పేరున ఉంది! విసిగిపోయిన కొన్ని కుటుంబాలు 1723లో సస్క్వెహానా నది మీదుగా పెన్సిల్వేనియాలోని టుల్పెహాకెన్‌కు వచ్చేశాయి. ఈ రాకను ఫిలడెల్ఫియా ఓడ జాబితాల్లో వెతికితే ఏం దొరుకుతుంది?

కాగితం లేక భూమి పోగొట్టుకున్నవాళ్లు ఇక్కడ దిగింది అక్కడి మూలవాసులైన లెనాపేల నేల మీద. లెనాపేలు దాన్ని ఇంకా ఎవరికీ అమ్మనేలేదు. పెన్ కుటుంబం వాళ్లకు డబ్బిచ్చి కొన్నది 1732లో. వారెంట్లు, పటాలు తిరగేసేవాళ్లకు ఈ మధ్యలోని తొమ్మిదేళ్లు కనిపించవు. దానికి వేరే పుస్తకం తెరవాలి, ప్రాంతీయ కౌన్సిల్ మినిట్స్, అంటే పెన్సిల్వేనియా వలస పాలకమండలి సమావేశాల రికార్డు. 1728లో లెనాపే పెద్ద సస్సూనన్ ఫిలడెల్ఫియాకు వచ్చి చెప్పిన మాట దుబాసీ నోటి మీదుగా అందులోకి ఎక్కింది: తండ్రుల భూమంతా పోయింది, దానికి తనకేమీ ముట్టలేదు, ఇది చూసి రేపు తన పిల్లలు ఆశ్చర్యపోతారని.