గట్టిది గొట్టమా, దారమా?

కర్బన నానోగొట్టాలు (ఒక్క పరమాణువు మందపు కర్బన పొరను చుట్టినట్టుండే అతి సన్నని గొట్టాలు) తమపై పెట్టుకున్న ఆశలకు తగ్గట్టు నిలిచాయా అన్న అంశంపై శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కళాశాలలో ఇద్దరు అధ్యాపకులు వాదించుకున్నారు.

ఫిజిక్స్ మేడమ్: 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా వర్ణించిన ఈ గొట్టాల్లో ఒంటిపొరవాటి వ్యాసం ఒకటి రెండు నానోమీటర్లే (నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు) అయినా, సాగదీస్తే లొంగని బిగువులో అవి ఉక్కుకు సుమారు ఐదు రెట్లు.

కెమిస్ట్రీ మాస్టారు: 1952లోనే సోవియట్ శాస్త్రవేత్తలు ఇలాంటి బోలు పోగుల చిత్రాలు ప్రచురించారు, అది అలా ఉంచండి. మీరు చెప్పిన బిగువు లోపం లేని ఒక్క గొట్టానిది. దారంగా పేనితే, గొట్టాల మధ్య పట్టు బలహీనం కాబట్టి అవి ఒకదానిపై ఒకటి జారిపోతాయి. పైగా పొరను చుట్టిన కోణాన్ని బట్టి మూడింట ఒక వంతు లోహంలా, మిగిలినవి అర్ధవాహకాల్లా ప్రవర్తిస్తాయి. చిప్పులకు పనికొచ్చేవి అర్ధవాహకాలే. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసినంత తేలికగా వీటిని ఏరే దువ్వెన ఏదీ?

మేడమ్: పూర్తిగా ఏరకుండానే, మిగిలిపోయిన లోహపు గొట్టాలను తట్టుకునేలా సర్క్యూట్ రూపొందించి, 2019లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం వారు 14,000కు పైగా నానోగొట్టాల ట్రాన్సిస్టర్లతో (విద్యుత్తును ఆపి వదిలే బుల్లి స్విచ్చులతో) 16 బిట్ల ప్రాసెసర్ నడిపించారు.

మాస్టారు: అప్పటికే మన జేబుల్లోని ఫోన్ చిప్పుల్లో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి కదండీ!

(ఈ ఎత్తిపొడుపు న్యాయమైనదే, మేడమ్ కూడా చిప్పులను వదిలేశారు.)

మేడమ్: సరే, బ్యాటరీకి రండి. అందులో శక్తిని నిల్వచేసే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పొడిలో విద్యుత్తు సరిగా పారదు. ఆ పొడిలో కార్బన్ బ్లాక్ (మసిలాంటి కర్బన పొడి) కలిపితే రేణువు రేణువును తాకితేనే దారి ఏర్పడుతుంది. పొడవైన గొట్టమైతే ఒక్కటే ఎన్నో రేణువులను కలుపుతుంది. అందుకే కొద్దిపాటి గొట్టాలే సరిపోయి, మిగిలిన చోటు శక్తిని నిల్వచేసే పదార్థానికి దక్కుతుంది. ఇక్కడ ఏ గొట్టం ఏ కోణంలో చుట్టుకుందో ఎవరూ చూడరు.

మాస్టారు: ఆ ఉపయోగం ఒప్పుకుంటాను. కానీ 2008లో పొడవైన, బిరుసైన గొట్టాలను ఎలుకల ఉదరకుహరంలోకి ఎక్కిస్తే ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే రాతినార) తరహా వాపు వచ్చింది. పొడిని ఎత్తిపోసే కూలీ సంగతి?

మేడమ్: పొట్టిగా, చిక్కుపడి ఉన్నవాటితో ఆ వాపు రాలేదు. పైగా ద్రవంలో కలిపి అందిస్తే ధూళి లేవదు.

మాస్టారు: పాత బ్యాటరీని సుత్తితో పగలగొట్టే పాత సామాన్ల కొట్టులో ద్రవం ఉండదు కదా?

మేడమ్: మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యతను తయారీదారుపైనే పెట్టాయి. లోపల నానోగొట్టాలు ఉన్నాయని పైన ముద్రించాలన్న షరతు కూడా పెట్టమందాం, దానికి మీతో పాటు నేనూ సంతకం పెడతాను.