హ్యామ్‌స్టర్‌ది అలక కాదు

హ్యామ్‌స్టర్ అంటే ఎలుకను పోలిన చిన్న పెంపుడు జంతువు. పగటి నిద్ర నుంచి లేపిన హ్యామ్‌స్టర్ ముఖాన్ని ఒకసారి దగ్గరగా చూసినవారు దాన్ని తేలికగా మరచిపోలేరు. హైదరాబాద్‌లో మా బంధువుల ఇంట్లో పదేళ్ల పాప, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, తన హ్యామ్‌స్టర్‌ను నాకు చూపించాలన్న ఉబలాటంతో కాగితపు పీలికల గూట్లోంచి దాన్ని రెండు చేతులతో పైకి తీసింది. చెవుల ముడతలు ఇంకా విడలేదు. ఒక కన్ను పూర్తిగా తెరుచుకుంది, రెండోది సగంలోనే ఆగింది. దాచుకున్న గింజలతో ఒక బుగ్గ ఉబ్బి, మూతి పక్కకు ఒరిగినట్టుంది. “చూడు బాబాయ్, అలిగింది!” అంటూ పాప ఫోన్ అందుకుంది.

ఇంటర్నెట్‌లో చిరాకు హ్యామ్‌స్టర్ల పేరిట తిరిగే ఫొటోలు, వీడియోలు చాలావరకు ఇలాంటి క్షణాల్లో తీసినవే. వాటిని చూసి నవ్వుకోవడాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ ముఖంలో మనం అలకను చదువుతున్నంత కాలం దాన్ని తప్పుగా చదువుతున్నట్టేనని, ఆ పొరపాటు భారమంతా ఆ చిన్న ప్రాణి మీదే పడుతోందని నా అభిప్రాయం.

ఇంటర్నెట్ హాస్యంలో హ్యామ్‌స్టర్ మొదటి నుంచీ ముభావి కాదు. 1998లో కెనడాకు చెందిన ఒక కళా విద్యార్థిని తయారు చేసిన ‘హ్యాంప్‌స్టర్ డాన్స్’ పేజీలో వరుసలు వరుసలుగా హ్యామ్‌స్టర్ బొమ్మలు హుషారు పాటకు గెంతుతూనే ఉండేవి. అప్పటి నవ్వంతా ఆ సంతోషంలోనే ఉంది. 2012లో ‘గ్రంపీ క్యాట్’గా పేరుపడ్డ అమెరికా పిల్లితో గాలి మారింది. నిజానికి దానికి కోపమేమీ లేదు, మరుగుజ్జుతనం వల్ల, దవడ అమరిక వల్ల దాని నోరు కిందికి వంగినట్టు కనిపించేది, అంతే. 2019లో అది చనిపోయే నాటికి, నవ్వని ముఖమే నవ్వించే ముఖమన్న సంగతి స్థిరపడిపోయింది. 2023 ప్రాంతంలో టిక్‌టాక్‌లో, పెద్ద తడి కళ్లతో దీనంగా చూసే హ్యామ్‌స్టర్ దిగులు సంగీతంతో కలిసి దేశదేశాలు తిరిగింది.

మీమ్‌లో పనంతా చేసేది ముఖమేనని తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు, బ్రహ్మానందం గారి ముఖం ఒక్కటి పెడితే మనకు మాటలతో అవసరమే ఉండదు. అయితే ఆయన ముఖంలోని విసుగు దశాబ్దాల సాధనతో వచ్చిన నటన, హ్యామ్‌స్టర్ ముఖంలో కనిపించేది కేవలం దాని ఎముకల, కండరాల పొందిక. పెద్ద తల, పెద్ద కళ్లు, గుండ్రటి బుగ్గలు చూస్తే పసిబిడ్డను చూసినట్టే మనిషి మనసు కరుగుతుందని జంతు ప్రవర్తనను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లోనే ప్రతిపాదించాడు. హ్యామ్‌స్టర్‌లో ఆ లక్షణాలన్నీ ఉన్నాయి. అంతటి పసిముఖంలో అరవై ఏళ్ల మనిషి విసుగు కనిపించడమే మనకు వింత. పైగా అది 150 గ్రాములకు అటూ ఇటూగా తూగే ప్రాణి. పేదవాడి కోపం పెదవికి చేటని మన సామెత. ఆ కోపం మనల్ని ఏమీ చేయలేదన్న ధీమా ఉంది కాబట్టే నవ్వగలుగుతున్నాం. అదే కోపంతో ఒక కుక్క పళ్లు చూపిస్తే ఫోన్ తీయం, నాలుగడుగులు వెనక్కి వేస్తాం.

తెలుగులో కోపం వేరు, అలక వేరు. అలగడానికి బతిమాలేవారు ఉండాలి. అలకపాన్పు ఎక్కిన పెళ్లికొడుకైనా, సాక్షాత్తూ సత్యభామైనా, మొహం తిప్పుకున్నది అవతలివారు దగ్గరికి రావాలనే. ఆ రెండో మనిషి లేకపోతే అలకకు అర్థమే లేదు. హ్యామ్‌స్టర్‌కు ఆ రెండో ప్రాణి అక్కరలేదు. ఇళ్లలో ఎక్కువగా పెరిగే సిరియన్ హ్యామ్‌స్టర్, ఎదిగిన తర్వాత తన జాతి జంతువునే తన చోట్లోకి రానివ్వదు. దక్షిణ టర్కీ పొలాల్లో వీటిని గమనించిన శాస్త్రవేత్తలకు ఎదిగినవి ఒక్కో బొరియలో ఒక్కొక్కటే కనిపించాయి. పంజరాల్లో రాత్రి తిరిగే ఈ జంతువు అక్కడి పొలాల్లో పగలే బయటికి వచ్చిందని 2008లో వారు ప్రకటించారు. పగలు లేపితే విసుక్కోవడం దాని పుట్టుబుద్ధి అని మనం గట్టిగా నమ్ముతున్నది కూడా అంత సూటి విషయం కాదన్నమాట.

ఈనాటి పెంపుడు హ్యామ్‌స్టర్ కథే భయంతో మొదలైంది. కాలా అజార్ వంటి వ్యాధుల మీద పరిశోధనకు ప్రయోగ జంతువులు కావలసి, 1930లో జెరూసలేంకు చెందిన ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త సిరియాలోని అలెప్పో దగ్గర ఒక పొలాన్ని తవ్వించి తల్లినీ పిల్లలనూ పట్టుకున్నాడు. గూడు కూలి, మనుషుల చేతిలో పడిన ఆ తల్లి దగ్గరికి వచ్చిన తన పిల్లనే చంపేసింది. తల్లినీ తర్వాత చంపేశారు. మిగిలిన పిల్లల్లో కొన్ని పారిపోగా, చివరికి దక్కిన నాలుగైదింటి సంతతే ఈనాడు ప్రపంచమంతా పెంపుడు సిరియన్ హ్యామ్‌స్టర్లుగా విస్తరించింది. ఆ తల్లిది రాక్షసత్వమని ఎవరంటారు? అది బెదిరిపోయిన తల్లి.

వీడియోల్లో మనం ముచ్చటపడే హావభావాలన్నీ ఈ వెలుగులో మళ్లీ చూడాలి. వెల్లకిలా పడి నోరు తెరిచి కీచుమనడం ఆఖరి ఆత్మరక్షణ. పళ్లు టకటకలాడించడం హెచ్చరిక. పంజరం ఊచలను పళ్లతో పట్టి గంటల తరబడి కొరకడం నన్ను అన్నిటికన్నా బాధపెట్టే దృశ్యం. దానికి ‘జైలు నుంచి విడుదల కోరుతున్న ఖైదీ’ అని శీర్షిక పెట్టి పంచుకుంటారు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నాలుగు కొలతల పంజరాల్లో హ్యామ్‌స్టర్లను ఉంచి చూసినప్పుడు, చిన్న పంజరాల్లోనివి ఊచలను ఎక్కువసేపు కొరికాయని 2007లో రాశారు. ఒక్క రాత్రిలో కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తే జంతువును చెప్పుల పెట్టె కన్నా కాస్త పెద్దదైన పంజరంలో అమ్ముతున్న దుకాణాలు మన నగరాల్లో నేను చూశాను. పెదవికి చేటన్న మాట అక్కడ అక్షరాలా నిజమవుతోంది.

ఇంత చెప్పినా, ఈ హాస్యంలో ఒక నిజాయితీ ఉందని నేను నమ్ముతాను. ఆదివారం పూట ఆఫీసు ఫోన్ మోగినప్పుడు, నిద్ర చాలని ఉదయాన చుట్టాలు దిగినప్పుడు, ‘ఇప్పుడు నన్ను కదిలించవద్దు’ అని అనలేక మొహాన నవ్వు పులుముకునే మనిషికి ఆ హ్యామ్‌స్టర్ ముఖం ఎంతో ఊరట. అది ఎవరి మెప్పు కోసమూ తోక ఊపదు. అలా పంచుకునేవారు తమకు తెలియకుండానే దాని మాటను సరిగ్గా విన్నవారు, ఎందుకంటే అది అంటున్నదీ అచ్చంగా అదే. బతిమాలితే కరుగుతుందనుకొని వేలితో పొడిచి, మళ్లీ లేపి, మళ్లీ తీసే వీడియోతోనే నాకు తగాదా.

ఇదంతా ఆ రోజు పాపకు నాకు చేతనైన మాటల్లో చెప్పాను. కాసేపు ఆలోచించి, దాన్ని పీలికల్లోకి దించి, మీద గుప్పెడు పీలికలు కప్పింది. వారం తర్వాత రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. గది దీపం ఆర్పి ఉంది. హ్యామ్‌స్టర్ తనంత తానే గూట్లోంచి వచ్చి, పొద్దుతిరుగుడు గింజలు ఒక్కొక్కటే బుగ్గల్లోకి నెట్టుకుని, ఒక్క క్షణం కెమెరా వైపు చూసి మళ్లీ గింజల మీద పడింది. ముఖం మాత్రం ఆనాటిదే, అదే బుంగమూతి.