కొలబద్దే జరిగిపోతే

వాన తక్కువ పడితే కరువు. కానీ దేనితో పోలిస్తే తక్కువ అనేసరికి లెక్క చిక్కుపడుతుంది. ఎడారి అంచున ఏడాదికి 300 మిల్లీమీటర్లు పడితే పండగే, వర్షారణ్యంలో అంతే పడితే ఘోరం. ఈ చిక్కు విప్పడానికే 1993లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన మెకీ, డోస్కెన్, క్లైస్ట్ ప్రామాణిక వర్షపాత సూచీని తయారుచేశారు. ఎక్కడి వానను అక్కడి గతంతోనే పోల్చడం దాని కిటుకు. అక్కడికి మామూలైన వాన పడితే సున్నా, మైనస్ 1కి దిగితే కరువు, మైనస్ 2కి దిగితే అతి తీవ్ర కరువు. వాన లెక్కలు తప్ప మరేమీ అడగదు కాబట్టే 2009లో అంతర్జాతీయ నిపుణులు అన్ని దేశాలూ దీన్నే వాడాలని సూచించారు.

మా పేచీ సూచీతో కాదు, అది పోల్చి చూసే ఆ ‘గతం’తో. కనీసం 30 ఏళ్ల లెక్కలు కావాలంటారు, బాగానే ఉంది. ఏ 30 ఏళ్లు? వాతావరణ సగటులను పదేళ్లకోసారి ముందుకు జరపడం ఆనవాయితీ. 1981-2010 పోయి ఇప్పుడు 1991-2020 వచ్చింది. వానలు తగ్గుతూ వస్తున్న చోట ఇలా జరిపిన ప్రతిసారీ సగటు కిందికి దిగుతుంది. నిన్నటి లెక్కలో కరువు అనిపించుకున్న వాన, ఇవాళ్టి లెక్కలో మామూలు వాన అయిపోతుంది. పంట మాత్రం పాత నీళ్లే అడుగుతుంది! ఈ సీజన్ ఎలా ఉందో చెప్పడానికి కొత్త సగటు పనికొస్తుంది. దశాబ్దాల ధోరణి చెప్పాలంటే మాత్రం ఆధార కాలాన్ని కదలకుండా ఒకచోట పాతాలి.

వేడి సంగతి సరేసరి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. వాన తగ్గకపోయినా నేల త్వరగా ఆరిపోవచ్చు, వర్షపాత సూచీకి ఇది కనిపించదు. నెల వానంతా రెండు రోజుల్లో కుమ్మరించి పోయినా దానికి తేడా తెలియదు. ఆవిరయ్యే నీటినీ లెక్కలోకి తీసుకునే మరో సూచీ 2010లో వచ్చింది. ఆవిరిని ఏ సూత్రంతో లెక్కిస్తారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది కాబట్టి దాన్నీ గుడ్డిగా నమ్మలేం. ఉష్ణోగ్రత ఒక్కదానితో ఆవిరిని అంచనా వేసే పాత సూత్రం కరువును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపగలదని 2012లోనే పరిశోధకులు హెచ్చరించారు. అందుకే రెండు అంకెలనూ పక్కపక్కన ప్రకటించాలి, ఏ కాలంతో పోల్చారో, ఏ సూత్రం వాడారో కూడా చెప్పాలి. సాయమో బీమానో ఆ అంకెను బట్టి ఇచ్చే చోట, మైనస్ 0.9 దగ్గర ఆగిపోయిన రైతుకు ఈ వివరం అడిగే హక్కుంది.

ఇంకో మాట. ఖర్చు పేరుతో పాత వర్షమాపక కేంద్రాలను మూసే ముందు, అక్కడి రికార్డు ఎన్నేళ్లదో చూడాలి. ఉపగ్రహాల లెక్కలు కొన్ని దశాబ్దాలకు మించి వెనక్కి పోవు.