గుర్రం మీంచి పడ్డ నైట్ లేవలేడా? ఎవరు చెప్పారు?

ఆ ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతోంది. ఇంగ్లీషులో ‘అన్‌హార్స్’ (గుర్రం మీంచి పడగొట్టడం) అనే క్రియకి ఓడించడం అనే అర్థం ఎందుకొచ్చిందంటే, ఇనప కవచం తొడిగిన యూరప్ నైట్, అంటే పాతకాలపు గుర్రపు యోధుడు, గుర్రం మీంచి పడ్డాడంటే తాబేలులా వెల్లకిలా కొట్టుకోవడమే తప్ప లేవలేడట, మళ్లీ ఎక్కించాలంటే క్రేన్ కావాలట. గుర్రాల మీద బల్లేలతో తలపడే పోటీల్లో పడగొడితేనే గెలుపట. చివర్లో గ్రామర్ పాఠం: గుర్రం లేని చోట ఈ మాట వాడకూడదట!

ముందు కవచం సంగతి. 15వ శతాబ్దపు యుద్ధ కవచం తల నుంచి పాదాల దాకా కలిపితే సుమారు 15 నుంచి 25 కిలోలు, అదీ ఒంటినిండా సర్దుకుని పట్టీలతో బిగించిన బరువు. ఫ్రెంచి సేనాని (మార్షల్) బూసికో కవచంతోనే పిల్లిమొగ్గలు వేసేవాడని అతని కాలంలోనే రాసిన జీవితచరిత్ర చెబుతుంది. కాస్త గొప్పలు కలిపారనుకుందాం, అయినా క్రేన్ అవసరమైన మనిషి గురించి అలా రాయరు కదా. అసలు గుర్రం దిగితే పనికిరారన్నది నిజమైతే ఫ్రెంచివాళ్లకీ ఇంగ్లీషువాళ్లకీ జరిగిన యుద్ధాల్లో, 1356లో ప్వాటియే దగ్గర, 1415లో అజాంకూర్ దగ్గర అంతమంది తామే గుర్రాలు దిగి నడిచి ఎందుకు పోరాడతారు? అజాంకూర్‌లో ఫ్రెంచివాళ్లని ముంచింది బురద, తొక్కిసలాట, బాణాలు. పోటీల కోసం చేసిన కవచాలు ఇంకా చాలా బరువుండేవి, అది ఒప్పుకుంటా, కానీ అవి యుద్ధానికి వేసుకెళ్లేవి కావు.

పైగా లెక్క కూడా కుదరదు. ఈ క్రియ 14వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులో ఉంది. ఒళ్లంతా కప్పే రేకు కవచం పూర్తిగా తయారైంది ఆ తర్వాతే.

మరి గుర్రం పోతే ఓటమి ఎందుకు? ఎత్తు పోతుంది, వేగం పోతుంది, పారిపోయే దారీ పోతుంది, చుట్టూ కాల్బలం మూగుతుంది. 1485లో బాస్వర్త్ యుద్ధంలో ఇంగ్లాండ్ రాజు మూడో రిచర్డ్‌కి జరిగింది అదే.

పోటీల్లో పడగొడితే గొప్పే, కానీ ఎక్కువగా లెక్కపెట్టింది విరిగిన బల్లేలని. 1559లో ఫ్రాన్స్ రాజు రెండో ఆంరీ ప్రాణం తీసింది కూడా అలా విరిగిన బల్లెం పేడే, కంట్లో గుచ్చుకుని.

ఇక గ్రామర్. ప్రత్యర్థిని పదవిలోంచి దించడానికీ ఈ మాట వాడొచ్చు, నిఘంటువుల్లోనే ఉంది. మనం ‘గద్దె దించారు’ అన్నప్పుడు అక్కడ గద్దె ఉందో లేదో చూస్తున్నామా? కాకపోతే కొంచెం పుస్తకాల వాసనొచ్చే మాట, ఎన్నికల వార్తల్లో ‘అన్‌సీట్’ (సీట్లోంచి దించడం) ఎక్కువ కనిపిస్తుంది. గుర్రప్పందేల్లో జాకీ ఒక్కడే కింద పడ్డా ఫలితాల్లో రాసేది ‘అన్‌సీటెడ్ రైడర్’ అనే.