స్తంభం చాటు బైరాగి

గోల్కొండ పతనం మీద వచ్చిన ఒక చారిత్రక నవలను ఈ మధ్య ఆసాంతం చదివి, కుతుబ్‌షాహీ రాజ్యం కూలిపోవడానికి అసలు కారణం స్తంభాలేనని గ్రహించాను. ఆనాటి శిల్పులు దర్బారులోనూ, అంతఃపురంలోనూ, మంత్రాలోచన మందిరంలోనూ మనిషి దాక్కునేంత లావు స్తంభాలు నిలబెట్టకుండా ఉంటే, వాటి చాటున బైరాగులు నక్కేవారు కాదు, రాజ్యరహస్యాలు బయటికి పొక్కేవీ కావు.

ఆ బైరాగి ఎవరో మన చారిత్రక నవలల పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. జడలు, విభూతి, కమండలం, వాటితోపాటు కండలు తిరిగిన భుజాలు, వేలికి రాజముద్రిక గల ఉంగరం. ఆ ఉంగరం కోట ద్వారం దగ్గర సోదా చేసే కావలివాళ్లలో ఒక్కడికీ కనబడదు గాని, మేడ మీద నుంచి తొంగిచూసిన కథానాయికకు మాత్రం తొలిచూపులోనే కనబడుతుంది.

ఇక అమావాస్య రాత్రి, రెండో జాము. మంత్రి, సేనాని మందిరంలో ఎదురెదురుగా కూర్చుంటారు. మంత్రి గొంతు తగ్గించి, అంటే స్తంభం దాకా వినబడేంత మాత్రమే తగ్గించి, “సేనానీ, మన కోటకు 87 బురుజులు, 8 ద్వారాలు ఉన్న సంగతి తమరెరిగినదే కదా!” అంటాడు. ఆ బురుజుల మీదే నెత్తురోడ్చి మీసాలు నెరిసిన సేనాని ఆ మాట అప్పుడే విన్నవాడిలా తల పంకించి, “అవును మహామంత్రీ, వాటిలో పడమటి బురుజు మీది ఫిరంగి మొన్ననే పగిలింది, మందుగుండు మూడు వారాలకు మించి రాదు” అని తన వంతు అప్పగిస్తాడు. ఇద్దరికీ తెలిసిన విషయాలను ఒకరికొకరు ఇంత శ్రద్ధగా వినిపించుకుంటున్న ఆ ఘట్టంలో బైరాగి కాలు దీపపు సెమ్మెకు తగులుతుంది. “ఎవరక్కడ?” అని సేనాని కత్తి దూస్తాడు. చీకట్లోంచి ఒక పిల్లి ‘మ్యావ్’ మంటుంది. “పిల్లి కాబోలు” అని కత్తి ఒరలో పెట్టేసి, సేనాని మళ్లీ ఫిరంగుల లెక్కకు వస్తాడు. రాజ్యం మొత్తం మీద గూఢచర్య నిరోధక వ్యవస్థ అంతా ఆ రెండు మాటలే. ఈ పిల్లి నవలలో మూడుసార్లు అరుస్తుంది. మూడోసారి అరిచేసరికి, దీనికి జీతం ఏ పద్దు కింద ఇస్తున్నారోనన్న అనుమానం నాకు కలిగింది గాని, లేచి నాలుగడుగులు వేసి స్తంభం వెనక చూద్దామన్న ఆలోచన మాత్రం మహామంత్రికి కలగలేదు.

దొంగసన్యాసి వేషం మీద నాకేమీ ద్వేషం లేదు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు ఆ వేషాన్ని శాస్త్రోక్తంగానే విధించాడు. ఆయన తాపసుడు ఊరి పొలిమేరలో శిష్యబృందంతో మకాం పెట్టి, నెలకో రెండు నెలలకో ఒకసారి పదిమంది చూస్తుండగా గుప్పెడు ఆకుకూర తిని, చాటుగా మాత్రం ఇష్టమైనవన్నీ భోంచేస్తాడు. శిష్యులు ఆయన మహిమలను ఊరంతా చాటుతారు, జనం జాతకాల కోసం తామే వచ్చి గుట్లు విప్పుతారు. అంటే ఆ సన్యాసి స్తంభం దగ్గరికి పోడు, మంత్రే సన్యాసి దగ్గరికి వస్తాడు. పైగా ఒకరినొకరు ఎరగని ముగ్గురు చారుల మాట కలిస్తేనే నమ్మమన్నాడు కౌటిల్యుడు. మన నవలలో ఒక్క బైరాగి, ఒక్క స్తంభం, ఒక్క రాత్రి చాలు, ఔరంగజేబు గుర్రానికి జీను బిగిస్తాడు. ఆ పాదుషాకు ఊరూరా జరిగినవన్నీ రాసి పంపే వాకియానవీసులు, రహస్యంగా రాసే ఖుఫియానవీసులు, వార్తలు మోసే హర్కారాలు ఉండేవారు. అట్ట మీద బొమ్మకు కలందాన్ (కలాల పెట్టె) కన్నా కత్తి బాగుంటుంది కాబట్టి కాబోలు, వాళ్లలో ఒక్కరికీ నవలలో చోటు దక్కలేదు.

చరిత్రలో వినోదానికి కొదవేమైనా ఉందా? మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాసిన ప్రకారం, 1687 ముట్టడిలో ఒక రాత్రి మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు నిచ్చెనలు వేసుకుని గోడ ఎక్కుతుంటే, వాళ్లు పైకి చేరడం మాత్రమే చూసి హాజీ మెహ్రాబ్ అనే అత్యుత్సాహి పరుగున పోయి పాదుషాకు విజయవార్త చెప్పేశాడు, నగారాలు కూడా మోగాయి. తీరా గోడ మీద ఒక ఊరకుక్క మొరిగింది, కోటలోవాళ్లు లేచారు, నిచ్చెనలతో సహా ఎక్కినవాళ్లు కిందపడ్డారు. గోల్కొండ సుల్తాను తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు, రత్నాల పట్టెడ చేయించాడని మర్నాడు వేగులవాళ్లే ఔరంగజేబుకు వచ్చి చెప్పారు. ఇంతటి సన్నివేశాన్ని వదిలేసి పిల్లిని పెట్టుకున్న రచయితను ఏమనాలి?

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఆ తరువాత నాకు నవ్వు రాలేదు. నవలలో కోట పోవడానికి ఒకే ఒక్క ద్రోహి కారణం. అతను మొదటి అధ్యాయంలోనే మెల్లకన్నుతో, వికటహాసంతో ప్రవేశిస్తాడు. అతని ద్రోహానికి రచయిత చూపించిన హేతువు అతని పుట్టుక, “పరాయి రక్తం కదా” అన్న ఒక్క వాక్యం. ఇది కల్పన కాదు, పచ్చి అబద్ధం. 1685లోనే గోల్కొండ సర్వసేనాని మహమ్మద్ ఇబ్రహీం సాక్షాత్తు మొగలుల పక్షాన చేరిపోయాడు, ఆ వెంటనే హైదరాబాదు నగరం పోయింది. 1686 మార్చిలో తానీషా మంత్రులు అక్కన్న, మాదన్నలను నడివీధిలో నరికినవాళ్లు శత్రువులు పంపిన బైరాగులు కారు, సొంత కొలువువాళ్లు. ముట్టడి సాగుతుండగా షేక్ నిజాం వంటి అమీర్లు మన్సబుల కోసం, అంటే మొగలు కొలువులో హోదాల కోసం, ఒక్కరొక్కరే గోడ దాటారు. అవతలివైపు మాత్రం? పాదుషాకు అప్పటికి మిగిలిన కొడుకుల్లో పెద్దవాడు షా ఆలం తానీషాతో రహస్యంగా ఉత్తరాలు నడిపాడని పట్టుబడి, కన్నతండ్రి చేతనే ఏళ్ల తరబడి ఖైదు అనుభవించాడు. చివరికి 1687 సెప్టెంబరు 21 రాత్రి అబ్దుల్లాఖాన్ పన్నీ దిడ్డితలుపు తెరిచేనాటికి తానీషా దగ్గర మిగిలిన పెద్ద సర్దార్లు ఇద్దరే అంటాడు ఖాఫీఖాన్. రాజ్యమంతా అంచెలంచెలుగా అమ్ముడుపోతున్న ఆ రెండేళ్లనూ మింగేసి, నేరమంతా ఒక మెల్లకంటికి అంటగట్టి, ఆ కంటికి ఒక జాతిని తగిలించడం రచన అనిపించుకుంటుందా? రేపు ఈ పుస్తకం చదివిన కుర్రవాడు తన పక్కింటివాడి కళ్లలోకి అనుమానంగా చూస్తే, దానికి జవాబు చెప్పేది ఎవరు?

ఆ మిగిలిన ఇద్దరిలో ఒకడు తలుపు తెరిచిన ఆ పన్నీయే, రెండోవాడు అబ్దుల్ రజాక్ లారీ. రచయిత లెక్క ప్రకారం ఇతనే అసలైన పరాయివాడు, పారశీక దేశంలోని లార్ నుంచి వచ్చినవాడు. పెద్ద మన్సబు ఇస్తామని ఔరంగజేబు పంపిన ఉత్తరాన్ని తన బురుజు మీది సైనికులందరికీ చూపించి, వాళ్ల కళ్లముందే చింపేశాడు. తలుపు తెరుచుకున్న రాత్రి జీను కూడా వేయని గుర్రమెక్కి, డజనుమందితో మొగలు సేనకు అడ్డంపడి, డెబ్బై దాకా గాయాలు తిన్నాడు. అయినా చావలేదు. ఔరంగజేబే వైద్యులను పంపి బతికించాడు, కొన్నాళ్లు బెట్టు చేసిన తరువాత అతడూ మొగలు కొలువులోనే చేరాడు. నవలకు పనికివచ్చే మనిషంటూ ఉంటే ఆ కోటలో ఇతనే. కాని ఇంత చిక్కుముడి మన రచయితకు ఎక్కడ సరిపడుతుంది? అందుకని లారీని ద్వారం దగ్గరే చంపేసి, చంపేముందు స్వామిభక్తి మీద ఒకటిన్నర పేజీ ఉపన్యాసం చెప్పించాడు. అది పూర్తయ్యేదాకా మొగలు సైన్యం కత్తులు దించి, బుద్ధిగా నిలబడి విన్నది.